గోడలో పట్టు: చిలుకకొయ్య మొదలు యాంకర్ బోల్టు వరకు

మహాసౌధముల చరిత్ర వ్రాయువారు వాని ఎత్తును, వెడల్పును, వానిని కట్టించిన ప్రభువుల పేర్లను మరువక వ్రాయుదురు. ఆ సౌధములలో గోడను పట్టుకొని బరువులు మోయు మేకును గూర్చి వ్రాయువారు అరుదు. మేకు కనబడదు, కనబడకుండుటయే దాని ధర్మము. అది ఊడి వెలికివచ్చిన దినమున మాత్రము దాని క్రింద నున్నవారి ప్రాణములకే ముప్పు. అందుచేత గోడకు బరువును తగిలించుట అను ఈ చిన్నపనికి ఎంతటి చరిత్ర కలదో, ఆ చరిత్ర మనకు ఏమి నేర్పుచున్నదో చదువరులకు విన్నవించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

రాతిపై రాయి పెట్టినచో నిలుచును. పైరాయి నొక్కును, క్రిందిరాయి మోయును. కట్టడమునకు ఇది మొదటి సూత్రము. బరువును గోడ ప్రక్కను గాని, కప్పు క్రింద గాని వ్రేలాడదీయుట దీనికి భిన్నమైన పని. ఇచ్చట బరువు గోడను నొక్కుటకు మారుగా లాగును. ఇటుకయు, రాయియు, కాంక్రీటును నొక్కుడునకు గట్టివే గాని లాగుడునకు ఓర్వలేనివి. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చుదానిలో ఇంచుమించు పదవ వంతు మాత్రమే లాగుడునకు ఓర్చును. బలహీనమైన ఈ గుణమును ఆశ్రయించియే మనము గోడకు బీరువాలను, పంకాలను, గడియారములను తగిలింపవలసి యున్నది. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

మన పూర్వులు ఈ చిక్కును గోడ కట్టునప్పుడే తీర్చుకొనెడివారు. పాత ఇండ్లలో గోడనుండి ముందునకు పొడుచుకొనివచ్చిన చిలుకకొయ్యలను పెద్దవారు చూచియే యుందురు. సంస్కృతమున దీనికి నాగదంతమని పేరు. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని పడకగదిని వర్ణించుచు నాగదంతమునకు తగిలించిన వీణను పేర్కొనెను. పంచతంత్రములోని సన్న్యాసి ఎలుకకు అందకుండుటకై తన భిక్షాపాత్రను ఇట్టి కొయ్యకే తగిలించెను. ఈ కొయ్యను గోడ లేచుచుండగనే వరుసల నడుమ పొదిగెడివారు. దానిపై లేచిన గోడబరువే దానిని అదిమి పట్టుకొనును. పసిబిడ్డ ఉయ్యాలకు వలయు కొండీలను ఇంటి దూలమునకే బిగించెడివారు, గోడను నమ్మలేదు. కాంచీపురమున వరదరాజస్వామి ఆలయపు మండపములో కప్పు మూలలనుండి వ్రేలాడు రాతిగొలుసులు కలవు. ఆ శిల్పులు గొలుసును తెచ్చి రాతికి తగిలింపలేదు. రాతినుండియే గొలుసును చెక్కిరి. అతుకు లేనిచోట అతుకు ఊడుట అను మాటయే లేదు గదా!

అయితే కట్టి ముగించిన గోడకు, లేక ప్రకృతి నిర్మించిన బండకు, తరువాత ఒక బరువును తగిలింపవలసి వచ్చినచో మార్గమేమి? ఈ ప్రశ్నకు సమాధానము రాళ్ళు కొట్టువారి పనిలో దాగియున్నది. మన ప్రాంతమున నల్లరాతిని చీల్చువారు ఉలితో వరుసగా చిన్నచిన్న గుంటలు తొలిచి, వానిలో ఇనుప చీలలు నిలిపి, సమ్మెటతో ఒక్కొక్క దానిని కొంచెము కొంచెముగా దిగగొట్టుదురు. చీల క్రిందికి దిగిన కొలది రాతిని ఇరుప్రక్కలకు త్రోయును. కొంతసేపటికి కొండవంటి బండ గీచిన గీత వెంబడి రెండుగా విడిపోవును. పంచతంత్రమున దూలపు చీలికలోని చీలను ఊడబెరికి ప్రాణములు పోగొట్టుకొన్న కోతికథ అందరును ఎరిగినదే. దిగగొట్టిన చీలలో ఎంత బలము దాగియుండునో ఆ కోతి ఎరుగదు.

ఇప్పుడు ఒక్క క్షణము ఆలోచింపుడు. చీల రాతిని త్రోయుచున్నప్పుడు రాయియు చీలను అంత బలముతోనే తిరిగి త్రోయును. రాయి పగులక ఓర్చుకొన్నంతవరకు ఆ చీల కదలదు. పగులగొట్టు బలమును హద్దులో నిలిపినచో అదియే పట్టుకొను బలమగును. నేటి యాంకర్ బోల్టునకు మూలసూత్రము ఇదియే.

ఈ సూత్రమును రోమనులు చక్కగా ఎరుగుదురు. పెద్దరాళ్ళను పైకెత్తుటకు వారు రాతి పైభాగమున నోరు ఇరుకుగను అడుగు వెడల్పుగను ఉండునట్లు ఒక రంధ్రమును తొలిచెడివారు. దానిలో ఏటవాలుగానున్న రెండు ఇనుప ముక్కలను ఇరుప్రక్కల నిలిపి, వాని నడుమ తిన్నని మూడవ ముక్కను దూర్చెడివారు. మూడును కలసిన పిమ్మట అవి ఆ ఇరుకు నోటినుండి వెలికి రాజాలవు. త్రాడుతో లాగిన కొలది మరింత బిగియును. నడిమి ముక్కను తీసివేసినచో సుళువుగా ఊడివచ్చును. ఈ సాధనమునకు ఇంగ్లీషున లూయిస్ అని పేరు. రోమనుల కట్టడముల రాళ్ళలో ఈ రంధ్రములు నేటికిని కానవచ్చుచున్నవి.

గ్రీకులు వేరొక మార్గమును త్రొక్కిరి. ఏథెన్సు నగరమున క్రీ.పూ. 447లో ఆరంభమైన పార్థినాన్ ఆలయములో ఒక పాలరాతిని ప్రక్కరాతితో కలుపుటకు ఇనుప బందులను వాడిరి. రాతిలో గాడి తొలిచి, బందును అమర్చి, చుట్టును కరగిన సీసమును పోసెడివారు. సీసము మెత్తనిది గనుక గాడిలోని సందులన్నిటిని నింపును. గాలిని, నీటిని ఇనుము దరిచేరనీయదు. ఆ బందులలో అనేకములు రెండువేల ఏండ్లకు పైగా చెడకుండెను.

ఆ ఆలయమునకే 1898 మొదలు 1933 వరకు నికొలాస్ బాలనోస్ అను ఇంజనీరు పర్యవేక్షణలో మరమ్మతులు జరిగెను. అప్పుడును ఇనుమునే వాడిరి గాని పూర్వులవలె దానిని సీసముతో శ్రద్ధగా కప్పలేదు. తేమ తగిలి ఇనుము తుప్పుపట్టెను. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటు ఆక్రమించును. లోపల ఉబ్బిన తుప్పు చీలవలె పనిచేసి పాలరాతిని పగులగొట్టెను. శత్రువుల ఫిరంగులకు తట్టుకొనిన రాళ్ళు కూడ రక్షణకై వేసిన ఇనుముచే చీలినవి. 1975లో ఏర్పడిన సంఘము చేపట్టిన పనులలో ఆ ఇనుమును తొలగించి, తుప్పుపట్టని టైటానియమ్ లోహమును వాడుచు వచ్చిరి. భూకంపము వచ్చినచో రాయి పగులుటకు ముందే లోహము లొంగునట్లు దాని పరిమాణమును నిర్ణయించిరి. లోహము పోయిన మరల చేసికొనవచ్చును. ఆ రాయి పోయిన మరల రాదు.

బండకు బరువును బిగించుటలో మానవుడు పడిన పాట్లకు ఎడిస్టన్ దీపస్తంభపు కథ గొప్ప నిదర్శనము. ఇంగ్లండు దేశపు ప్లిమత్ రేవునకు సుమారు 14 మైళ్ళ దూరమున సముద్రమధ్యమున నొక రాతిగుట్ట కలదు. పోటు వచ్చినప్పుడు అది నీట మునిగిపోవును. దానిని తాకి పగిలిన ఓడలకు లెక్కలేదు. 1696లో హెన్రీ విన్‌స్టాన్లీ అనునతడు ఆ గుట్టపై దీపస్తంభము కట్టుటకు పూనుకొనెను. మొదటి సంవత్సరము పనివారు చేయగలిగినది బండలో 12 రంధ్రములు తొలిచి వానిలో ఇనుప కమ్ములను నిలుపుట మాత్రమే. 1698లో దీపము వెలిగెను. 1703 నవంబరులో వచ్చిన మహావాతమున స్తంభమంతయు కొట్టుకొనిపోయెను. ఆ రాత్రి అందులోనే యున్న విన్‌స్టాన్లీయు కానరాకపోయెను. తెల్లవారిన తరువాత ఆ గుట్టపై మిగిలినవి కొన్ని ఇనుప కమ్ములు మాత్రమే.

రెండవ స్తంభమును 1709లో ముగించినవాడు జాన్ రుడ్‌యెర్డ్. ఇతడు లండనులో పట్టువస్త్రములు అమ్ము వర్తకుడు. అయినను ఇతడు చేసిన యుక్తి మెచ్చదగినది. బండలో తొలిచిన రంధ్రములను అడుగున వెడల్పుగా నుంచెను. వానిలో అడుగు వెడల్పైన ఇనుప ముక్కను దింపి, ప్రక్కన చీలవంటి రెండవ ముక్కను దిగగొట్టెను. రంధ్రమున ముందుగా కరగిన పశువుల క్రొవ్వును నింపి, ఇనుమును దింపి, పిదప కరగిన తగరపు మిశ్రమలోహమును పోసెను. బరువైన లోహము అడుగునకు దిగి క్రొవ్వును పైకి నెట్టివేసెను. ఉప్పునీరు చొచ్చుటకు వెంట్రుకవాసి సందైనను మిగులలేదు. రోమనుల లూయిస్ యుక్తియు, గ్రీకుల సీసపు యుక్తియు ఈ ఒక్క రంధ్రమున కలిసినవనవచ్చును. ఆ స్తంభమును సముద్రము కదలింపలేకపోయెను. 1755 డిసెంబరులో అగ్నిచే అది దగ్ధమయ్యెను.

మూడవదానిని జాన్ స్మీటన్ 1756 మొదలు 1759 వరకు పూర్తిగా రాతితో కట్టెను. రాళ్ళను ఒకదానిలో నొకటి ఇమిడి విడిపోకుండునట్లు చెక్కించి, చుట్టునున్న బండను గూడ మెట్లుగా తొలిపించి, కట్టడమును గుట్టతో ఏకము చేసెను. నీటిలో గట్టిపడు సున్నమును పరీక్షించి వాడెను. ఆ స్తంభము నూరేండ్లకు పైగా నిలిచెను. తుదకు దానిని మార్చవలసి వచ్చినది స్తంభపు లోపముచేత గాదు. దాని క్రిందనున్న బండనే అలలు తొలిచివేసెను! 1882లో ప్రక్కనున్న బండపై క్రొత్త స్తంభము వెలసెను. స్మీటన్ స్తంభపు పైభాగమును ఊడదీసి ప్లిమత్ తీరమున మరల నిలిపిరి. మొదలు మాత్రము నేటికిని ఆ గుట్టపైననే కలదు. పట్టుకొన్నది గట్టిదే, పట్టుకొనబడినది క్రుంగెను. గోడకు మేకు కొట్టు ప్రతివాడును జ్ఞాపకముంచుకొనదగిన మాట ఇది.

దీపస్తంభములకు అంతటి శ్రమ తగును. సామాన్యుని ఇంటి గోడకు ఒక దీపమును బిగించుటకు ఏమి చేయవలెను? మొన్నమొన్నటి వరకు తాపీవాడు ఉలితో గోడలో పెద్దగుంట తొలిచి, కొయ్యదిమ్మను దిగగొట్టి, చుట్టును సున్నము మెత్తి, ఆ దిమ్మకు మేకు కొట్టెడివాడు. గోడ పాడగును. కొయ్య వానకాలమున ఉబ్బును, ఎండకాలమున కుంచించుకొనును. కొన్ని ఏండ్లకు దిమ్మ వదులై చేతికి వచ్చును. విద్యుద్దీపములు వ్యాపించిన కాలమున ఈ పని ఇంటింటను పదేపదే చేయవలసివచ్చెను.

1911 ప్రాంతమున లండను నగరమందలి బ్రిటిష్ మ్యూజియములో గోడలు చెడకుండ విద్యుత్సామగ్రిని బిగించు పని జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను గుత్తేదారునకు వచ్చెను. ఆయన జనపనారను జిగురుతో గాని, పశురక్తముతో గాని అంటించి, వ్రేలివంటి చిన్న గొట్టమును చేసెను. గోడలో సన్నని రంధ్రము తొలిచి, గొట్టమును అందు దూర్చి, దాని నడుమ మరమేకును త్రిప్పెను. మరమేకు దిగిన కొలది నార ఉబ్బి రంధ్రపు గోడలను నలుదెసల అదిమెను. ఆయన పేరుననే అది రాల్‌ప్లగ్గు అని లోకమున ప్రసిద్ధికెక్కెను. మన విద్యుత్పనివారు నేటికిని అట్టి గొట్టములను ఆ పేరుననే పిలుచుచుందురు. ఆ కాలమున లోకమునకు వలయు జనపనార దాదాపు అంతయు వంగదేశమునుండియే ఎగుమతి యగుచుండెడిది. లండను గోడలలోని పట్టునందు మన రైతు చెమటయు కొంత కలదని చెప్పుకొనుట తప్పు కాదు.

తరువాత 1958లో జర్మనీ దేశీయుడైన ఆర్టుర్ ఫిషర్ నైలాను గొట్టమును నిర్మించెను. నైలాను నానదు, క్రుళ్ళదు. గొట్టమును రెండుగా చీల్చి, ప్రక్కలను పండ్లవలె కోసి, మరమేకు దిగినప్పుడు విచ్చుకొనునట్లు చేసెను. 2016లో కన్నుమూసిన ఈ శిల్పి పేర వేయికి పైగా ఆవిష్కరణలు నమోదై యున్నవి. ఇంతకంటె పెద్ద బరువులకు లోహపు యాంకర్ బోల్టులు వాడుకలో నున్నవి. బోల్టు కొన శంకువువలె లావుగా నుండును. దాని మెడచుట్టును చీల్చిన లోహపు తొడుగు ఉండును. నట్టును బిగించిన కొలది శంకువు వెనుకకు లాగబడి తొడుగులో దూరును. తొడుగు విచ్చుకొని రంధ్రమును అదుముకొనును. రాళ్ళు కొట్టువాని చీలయే ఇచ్చట తలక్రిందుగా పనిచేయుచున్నది.

ఇంత యుక్తి కలిగియు ఆధునికులు పొరపాట్లకు అతీతులు కారు. అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక సొరంగమార్గపు కప్పునకు కాంక్రీటు పలకలను వ్రేలాడదీసిరి. ఇచ్చటి బోల్టులు విచ్చుకొను రకమువి గావు. రంధ్రములో రసాయనపు జిగురుతో అంటించినవి. వాడిన జిగురు త్వరగా గట్టిపడు రకమే గాని, బరువు ఎడతెగక లాగుచుండినచో కొద్దికొద్దిగా సాగు స్వభావము కలది. 1999లోనే కొన్ని బోల్టులు క్రిందికి జారుట కానవచ్చెను. మూలకారణమును వెదకక మరమ్మతు చేసి ఊరకుండిరి. 2006 జూలై 10వ తేదీ రాత్రి 20 టన్నులకు పైబడిన కాంక్రీటు పోవుచున్న మోటారుపై కూలెను. ఒక స్త్రీ మరణించెను. 2012 డిసెంబరు 2వ తేదీన జపాను దేశమున ససాగో సొరంగములో, 1977 మొదలు వాడుకలోనున్న కప్పుపలకలు నూరు మీటర్లకు పైబడిన పొడవున కూలి తొమ్మండుగురిని బలిగొనెను. అందును జిగురుతో అంటించిన బోల్టులే. వానిని దగ్గరకుపోయి సుత్తెతో తట్టి, ధ్వని విని పరీక్షించు పని ఏండ్ల తరబడి జరుగలేదు.

ఈ రెండు దుర్ఘటనలలోను బోల్టు విరుగలేదు, పట్టు సడలెను. పట్టు బిగించిన దినమున ఎంత గట్టిగానున్నను, అది నిత్యము పరీక్షకు నిలువవలసినదే. బరువు రాత్రింబగళ్ళు విశ్రమింపదు.

ఈ చరిత్రనుండి మన ఊరి ఇండ్లకు, ముఖ్యముగా గ్రంథాలయములకు పనికివచ్చు సంగతులు కొన్ని కలవు. పుస్తకముల బరువును మనము తక్కువగా తలంతుము. మీటరు పొడవుగల ఒక్క అరలో నింపిన పుస్తకములే 20 మొదలు 30 కిలోల వరకు తూగును. అయిదు అరల బీరువా నిండినచో ఇద్దరు మనుష్యుల బరువగును. కావున అట్టి బీరువా తన కాళ్ళమీద నేలపై నిలువవలెను. గోడలోని బోల్టు అది ముందునకు ఒరగకుండ పట్టుకొనుటకే గాని మోయుటకు గాదు. పిల్లలు అరలు పట్టుకొని ప్రాకుదురు గనుక ఆ పట్టు తప్పక ఉండవలెను.

గోడ యెట్టిదో ఎరుగక బోల్టు కొనరాదు. గట్టి కాంక్రీటు, నల్లరాయి, బాగుగ కాలిన ఇటుక విచ్చుకొను బోల్టునకు తగును. మట్టిగోడయు, బోలు ఇటుకయు, పాతబడి పొడియగుచున్న సున్నపు కట్టును తగవు. అచ్చట బోల్టు విచ్చుకొన్న కొలది గోడయే నలిగిపోవును. అట్టిచోట గోడకు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు బోల్టును దూర్చి, వెనుక వెడల్పైన ఇనుపబిళ్ళ వేసి బిగించుట మేలు. అప్పుడు గోడ లాగబడుటకు మారుగా నొక్కబడును. ఇటుకల నడుమనున్న అతుకులో రంధ్రము వేయరాదు. గోడ అంచునకు చేరువగా వేసినచో, అంచు రాళ్ళు కొట్టువాని బండవలె చీలును. బోల్టు లావునకు అయిదు రెట్ల దూరమైనను అంచునుండి విడువవలెనని, రెండు బోల్టుల నడుమ పదిరెట్లు ఉండవలెనని పనివారిలో ఒక లెక్క కలదు. రంధ్రము బోల్టునకు సరిపడినంతయే ఉండవలెను. తొలిచిన పిమ్మట లోపలి పొడిని ఊది వెలికి తీయవలెను. పొడిమీద నిలిచిన పట్టు పట్టు కాదు. లోతు ముఖ్యము. కాంక్రీటులో లోతు రెట్టింపైనచో, కాంక్రీటు పెళ్ళగిలకుండ ఓర్చు శక్తి రెండున్నర రెట్లకు మించి పెరుగును. అట్లని బోల్టును శక్తికొలది బిగింపరాదు. హద్దు మీరిన బిగింపు పట్టుకొను చీలను పగులగొట్టు చీలగా మార్చును.

కప్పునుండి వ్రేలాడు పంకాకు, ఉయ్యాలకు కప్పు పోయునప్పుడే ఇనుపకొక్కెమును కడ్డీలకు కట్టి పొదుగుట ఉత్తమము. ఇది మన చిలుకకొయ్య నాటి తెలివియే. తరువాత బిగింపవలసినచో తెలిసినవానిచేత చేయింపవలెను. ఏటికి ఒకమారైనను నిచ్చెన వేసి, చేతితో కదలించి, చుట్టును పగుళ్ళు గాని, తుప్పు మరకలు గాని కలవేమో చూడవలెను. ఈ పరీక్షకు పట్టునది కొద్ది నిమిషములు మాత్రమే.

చిలుకకొయ్య నాటి తాపీవాడు మొదలు నేటి ఇంజనీరు వరకు అందరును నేర్చుకొన్న పాఠము ఒక్కటియే: బోల్టు ఒంటరిగా బరువును మోయదు. దానిని పట్టుకొన్న గోడయు, బిగించిన చేయియు, ఏటేట చూచు కన్నును కలసి మోయుచున్నవి. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కిన రెండును నిలుపజాలవు. పదిమంది పిల్లలు కూర్చుండి చదువుకొను గదిలో గోడమీద ఏ వస్తువు వ్రేలాడుచున్నను, దానిని పట్టుకొన్న మేకును గూర్చి విచారించుట ఆ గదిని నడుపు పెద్దల విధులలో నొకటి.